ముక్కు ట్యూబ్‌లో రోజంతా జావ పోస్తున్నా నాన్న బరువు తగ్గిపోతున్నారు. అసలు ఏం పోయాలి?

పలాస_పెద్దోడు
అందరికీ నమస్కారం. మా నాన్నకి 58 ఏళ్ళు. ఎడమ బుగ్గలో క్యాన్సర్. ఖైనీ అలవాటు ఉండేది. ఆపరేషన్ అయింది, ఇప్పుడు విశాఖలో రేడియేషన్ నడుస్తోంది. మొత్తం 30 సిట్టింగులు అన్నారు, సగం అయ్యాయి. వారానికోసారి కీమో కూడా ఎక్కిస్తున్నారు. నోరంతా పుండ్లు. గుక్కెడు నీళ్ళు మింగాలన్నా ప్రాణం పోతోంది ఆయనకి. అందుకని ముక్కులోంచి రైల్స్ ట్యూబ్ వేశారు.

డిశ్చార్జి కాగితం మీద "ఆర్‌టీ ఫీడ్స్ 200 ఎంఎల్, రెండు గంటలకోసారి, హై ప్రోటీన్ డైట్" అని ఒక్క లైను రాసి ఉంది (ఆర్‌టీ అంటే ఈ రైల్స్ ట్యూబే). ఏం పోయాలని అడిగితే "పలచగా ఉండేది ఏదైనా" అన్నారు. అమ్మ పొద్దున్నే రాగి జావ, తర్వాత కొబ్బరి నీళ్ళు, బత్తాయి రసం, మధ్యాహ్నం గంజిలో మజ్జిగ, సాయంత్రం సగ్గుబియ్యం జావ, రాత్రి పాలు, ఇలా గడియారం చూసుకుని మరీ పోస్తోంది. ఒక్క ఫీడు తప్పలేదు. అయినా 56 కిలోల మనిషి 51కి దిగిపోయారు. రేడియేషన్ ఇచ్చేటప్పుడు తల కదలకుండా పెట్టే మాస్కు లూజయిందని, ఇంకా తగ్గితే మళ్ళీ స్కాన్ తీసి కొత్త మాస్కు చెయ్యాల్సి వస్తుందని అక్కడి టెక్నీషియన్ చెప్పాడు. ఇంట్లో అందరికీ టెన్షన్‌గా ఉంది. పౌడర్ డబ్బాలు కొనాలా? పొట్టకి ట్యూబ్ వేయించాలా? తెలిసినవాళ్ళు చెప్పండి.

వంటింటి_లెక్కలు
పెద్దోడు గారూ, నేను హైదరాబాద్‌లో ఒక ఆసుపత్రిలో డైటీషియన్‌ని. రోజూ చూసే సమస్యే ఇది. అమ్మగారి శ్రద్ధలో లోపమేం లేదు, ఆవిడకి ఎవరూ లెక్క చెప్పలేదంతే. ముందు మూడు విషయాలు చెప్పండి. నాన్నగారికి షుగర్ ఉందా? చివరిసారి క్రియాటినిన్, అంటే కిడ్నీల పనితీరు చెప్పే రక్తపరీక్ష, ఎంత వచ్చింది? మీది పలాస అంటున్నారు కాబట్టి ప్రత్యేకంగా అడుగుతున్నాను. ఉద్దానం వైపు కిడ్నీ జబ్బు ఎంత ఉందో అందరికీ తెలిసిందే, పైగా వారం వారం ఇచ్చే కీమో సిస్‌ప్లాటిన్ అయితే అది కిడ్నీలని దెబ్బతీయొచ్చు. మూడోది, ఒక గ్లాసు జావలో పిండి ఎంత వేస్తున్నారు?

పలాస_పెద్దోడు
షుగర్ లేదండీ. క్రియాటినిన్ 0.9. కీమో సిస్‌ప్లాటినే, ప్రతిసారీ ముందు రక్తం చూస్తున్నారు. జావలో పిండి గ్లాసుకి రెండు చిన్న చెంచాలు. అంతకన్నా వేస్తే చిక్కబడి సిరంజిలోంచి దిగట్లేదు.

వంటింటి_లెక్కలు
అదీ సంగతి. లెక్క చూడండి.

రెండు టీ స్పూన్ల రాగి పిండి అంటే పది గ్రాములు, అందులో 33 కేలరీలు. చెంచా పంచదారతో కలిపి 55 దాకా వస్తాయి. గ్లాసు కొబ్బరి నీళ్ళలో నలభై, బత్తాయి రసంలో ఎనభై తొంభై, పలచటి గంజి మజ్జిగలో అరవై, సగ్గుబియ్యం జావలో డెబ్భై. గ్లాసు పాలు పంచదారతో 140. మొత్తం మీద ఎనిమిది ఫీడ్లు పోసినా ఆరు వందలు దాటడం కష్టం. ప్రోటీన్ పది గ్రాములకి అటూ ఇటూ.

ఆయనకి కావాల్సింది కిలోకి సుమారు 30 కేలరీలు, అంటే 1,500 పైన. ప్రోటీన్ కిలోకి 1.2 నుంచి 1.5 గ్రాములు, అంటే 60 నుంచి 75 గ్రాములు. రోజుకి లీటరున్నర పైగా లోపలికి వెళ్తోంది, పొట్ట నిండుతోంది, ఆకలని ఆయన కూడా అనరు. కానీ అందులో ఎక్కువ భాగం నీళ్ళే. ట్యూబ్ ఉన్న పేషెంటుకి ఎన్ని గ్లాసులు పోశారన్నది కాదు, గ్లాసులో ఏముందన్నదే చూసుకోవాలి.

పిండి ఎక్కువ వేస్తే దిగట్లేదన్నారు కదా, దానికి మన వంటింట్లోనే మందు ఉంది. రాగులు నానబెట్టి, గుడ్డలో మూటకట్టి మొలకెత్తించి, ఎండబెట్టి, కొద్దిగా వేడిచేసి పిండి పట్టించండి. మొలక వచ్చిన గింజలో పిండిని కరిగించే అమైలేజ్ అనే ఎంజైమ్ ఉంటుంది. మామూలు పిండితో చిక్కగా జావ కాచి దింపండి. సెగలు కక్కుతున్నప్పుడు కాకుండా కాస్త చల్లారాక, ఇంకా బాగా వేడిగా ఉండగానే ఈ మొలకల పిండి ఒక చెంచా వేసి కలపండి. గరిటె జారుడుగా తిరగడం ఐదు పది నిమిషాల్లో మీకే తెలుస్తుంది. మళ్ళీ ఒక్క పొంగు రానిచ్చి దింపి, సన్నటి గుడ్డలో వడకట్టండి. పిండి రెట్టింపు పట్టినా సిరంజిలోంచి దిగుతుంది.

ఒక పాల ఫీడు: పాలు 200 ఎంఎల్, ఈ రకంగా కాచిన రాగి పిండి మూడు టీ స్పూన్లు, వెన్న తీసిన పాలపొడి రెండు చెంచాలు, పంచదార రెండు చెంచాలు, నూనె ఒక చెంచా. దీంట్లో 290 కేలరీలు, పది గ్రాముల ప్రోటీన్. ఇలాంటివి నాలుగు.

మధ్యాహ్నానికి 30 గ్రాముల బియ్యం, 25 గ్రాముల పెసరపప్పు, ఒక క్యారట్ ముక్క కుక్కర్లో మెత్తగా ఉడికించి, ఉడకబెట్టిన గుడ్ల తెల్లసొనలు రెండు, రెండు చెంచాల నూనె వేసి మిక్సీలో బాగా తిప్పి వడకట్టండి. పలచన చేసేసరికి ఇది రెండు ఫీడ్లకి సరిపోతుంది. రెండూ కలిపి 315 కేలరీలు, పదిహేను గ్రాముల ప్రోటీన్. చిలికిన పెరుగు ఒక గ్లాసు. ఇక్కడికి 1,550 అయింది. కొబ్బరి నీళ్ళు, రసాలు దీని పైన, దీని బదులు కాదు. పలాసలో ఉండి జీడిపప్పు మర్చిపోకండి. పది గ్రాములు రాత్రి నానబెట్టి వెన్నలా రుబ్బి పాలలో కలిపితే ఇంకో 55 పైన.

ఒకేసారి ఇంత మోతాదుకి వెళ్ళకండి, మూడు నాలుగు రోజుల్లో పెంచండి. ఇది 51 కిలోల మనిషికి, కిడ్నీలు బాగున్నాయని వేసిన లెక్క. మీ డాక్టరుకి చూపించి మొదలుపెట్టండి. ఈ థ్రెడ్ చదివే మిగతావాళ్ళు గుడ్డిగా కాపీ కొట్టొద్దు. ముఖ్యంగా వారం పది రోజులుగా దాదాపు ఏమీ తినకుండా ఉండి ఇప్పుడే ట్యూబ్ పెట్టించుకున్నవాళ్ళకి మొదటి రోజే పూర్తి మోతాదు పోస్తే రక్తంలో ఫాస్ఫరస్, పొటాషియం పడిపోయి గుండెకే ప్రమాదం. అలాంటివాళ్ళకి ఆసుపత్రిలోనే, రక్తం చూసుకుంటూ మొదలుపెట్టాలి.

రిటైర్డ్_సిస్టరమ్మ
డైటీషియన్ అమ్మాయి బాగా చెప్పింది. పోసే పద్ధతి నేను చెబుతాను బాబూ. చాలా ఏళ్ళు సర్జికల్ వార్డులో చేశాను.

పడుకోబెట్టి పొయ్యొద్దు. నడుం దగ్గర్నుంచి దిండ్లు ఎత్తుగా పెట్టి కూర్చోబెట్టాలి, ఫీడ్ అయ్యాక కూడా కనీసం అరగంట, వీలైతే గంట అలాగే ఉంచాలి. చేతులు సబ్బుతో కడుక్కో. ముక్కు దగ్గర ట్యూబ్ మీద పెన్నుతో గీత పెట్టుకుని, ప్రతి ఫీడు ముందూ ఆ గీత అక్కడే ఉందా, ట్యూబ్ గొంతులో చుట్టుకుపోయిందా అని నోరు తెరిపించి చూడు. ట్యూబ్‌ని వేళ్ళతో మడిచి పట్టుకుని మూత తియ్యి, లేకపోతే గాలి లోపలికి పోయి పొట్ట ఉబ్బుతుంది. సిరంజి పిస్టన్ తీసేసి బారెల్ మాత్రం తగిలించి, ముందు 30 ఎంఎల్ కాచి చల్లార్చిన నీళ్ళు. అవి సాఫీగా దిగితేనే ఫీడ్. బారెల్‌ని ఛాతీకి జానెడు ఎత్తులో పట్టుకుంటే దానంతటదే దిగుతుంది. పిస్టన్‌తో నెట్టొద్దు. ఒక్కో ఫీడుకి పదిహేను ఇరవై నిమిషాలు పట్టాలి. చివర్లో మళ్ళీ 30 ఎంఎల్ నీళ్ళు. ఈ ఆఖరి నీళ్ళు బద్ధకించినవాళ్ళ ట్యూబే మూసుకుపోతుంది, రాసిపెట్టుకో.

కొందరు సిరంజితో గాలి కొట్టి పొట్ట మీద చెవి పెట్టి గుర్‌మంటే ట్యూబ్ సరిగ్గా ఉందనుకుంటారు. మేమూ ఒకప్పుడు అలాగే నేర్చుకున్నాం. అది నమ్మదగిన పరీక్ష కాదని ఇప్పుడు తేలిపోయింది, ఊపిరితిత్తుల్లో ఉన్నా ఆ చప్పుడు వినిపించొచ్చు. ట్యూబ్ పెట్టగానే ఎక్స్‌రే, ఆ తర్వాత సిరంజితో కాస్త వెనక్కి లాగి ఆ ద్రవాన్ని పీహెచ్ కాగితం (పులుపు, అంటే ఆమ్లం ఎంతుందో చూపే కాగితం) మీద చూడటం, అది 5.5 కన్నా ఎక్కువ ఉండకూడదు. గ్యాస్ మాత్ర వాడుతుంటే కాస్త ఎక్కువ చూపించొచ్చు, అనుమానం వస్తే ఆసుపత్రికి ఫోన్ చెయ్యి.

ఇంట్లో చేసిన ఫీడు ఈ ఎండల్లో బయట రెండు గంటలకి మించి ఉంచొద్దు. ఫ్రిజ్‌లో అయితే ఒక రోజు, అంతే. గోరువెచ్చగా చేసి పొయ్యండి. పచ్చి గుడ్డు మాత్రం ఎవరు చెప్పినా కలపొద్దు.

ప్రకృతి_బాట
అందరూ పాలు, పంచదార అంటున్నారు. క్యాన్సర్ కణాలకి పంచదారే మేత. దాన్ని ఆపేస్తే గడ్డ ఎండిపోతుంది. గోధుమగడ్డి రసం, పసుపు కషాయం, బూడిద గుమ్మడి రసం ట్యూబ్‌లో ఇవ్వండి. మా చుట్టాల్లో ఒకాయనకి మంచి గుణం కనిపించింది.

కరీంనగర్_బిడ్డ
అన్నా, మీరు మంచి మనసుతోనే చెప్పి ఉంటరు. కానీ మా బాపుకు గొంతు క్యాన్సర్ అయినప్పుడు మా ఇంట్ల కూడా ఇదే పంచాయితీ. ఒకరు పంచదార వద్దంటరు, ఒకరు పాలు కఫం అంటరు. మా పెద్దమ్మ అయితే పప్పు పెడితే కుట్ల దగ్గర చీము పడుతదని ఒట్టు పెట్టించుకున్నది. పప్పు బంద్, గుడ్డు బంద్, పాలు బంద్. ఇగ మిగిలింది గంజి. మనిషి ఎముకల గూడు అయిండు. రేడియేషన్ నడుమ ఆపి వారం దినాలు దవాఖానల పడుకోబెట్టిన్రు.

చివరికి డాక్టరు మేడం పెద్దమ్మను కూసోబెట్టి ఒక్కటే అడిగింది: "చీము సూక్ష్మజీవులతో వస్తది, పప్పుతోని కాదు. కుట్లు మానాలంటే కొత్త చర్మం రావాలె, అది దేంతోని వస్తది?" అని. పెద్దమ్మ ఏమనలేదు కానీ తెల్లారి పెసరపప్పు ఆమెనే ఉడకబెట్టింది.

మీ ఇంట్ల పెద్దోళ్ళుంటే మీరు వాదించకుండ్రి, డాక్టరుతోనే చెప్పించుండ్రి. మన మాట వినరు, తెల్లకోటు మాట వింటరు.

వంటింటి_లెక్కలు
ప్రకృతి_బాట గారూ, మన ఒంట్లో ప్రతి కణమూ గ్లూకోజ్ వాడుకుంటుంది, క్యాన్సర్ కణాలు ఎక్కువ వాడుకుంటాయి, అంతవరకు నిజం. కానీ తిండిలో పంచదార ఆపినంత మాత్రాన రక్తంలో గ్లూకోజ్ ఆగదు. శరీరం కండని కరిగించి మరీ తయారు చేసుకుంటుంది. ఎండిపోయేది గడ్డ కాదు, మనిషి. షుగర్ జబ్బు ఉన్నవాళ్ళకి పంచదార బదులు పిండి, నూనె, పప్పు పెంచి లెక్క సరిచేస్తాం, అది వేరే విషయం.

గోధుమగడ్డి రసంలో కేలరీలు దాదాపు లేవు. పచ్చిది కాబట్టి కీమోలో తెల్లకణాలు తగ్గినప్పుడు ఇన్‌ఫెక్షన్ భయం. పసుపు కషాయం నలకలు ట్యూబ్‌ని మూసేస్తాయి. దయచేసి ఈ థ్రెడ్‌లో ట్యూబ్ ఉన్నవాళ్ళకి అవి చెప్పొద్దు.

నిర్వాహకులు
ప్రకృతి వైద్యం మీద చర్చకి వేరే విభాగం ఉంది. ఇక్కడ ట్యూబ్ ఫీడింగ్ వరకే మాట్లాడదాం.

డల్లాస్_బావ
ఇక్కడ అమెరికాలో మా కొలీగ్‌కి నాలుక క్యాన్సర్ వచ్చినప్పుడు రేడియేషన్ మొదలవ్వకముందే పెగ్ ట్యూబ్ వేశారు, అంటే పొట్ట మీద చిన్న రంధ్రం చేసి నేరుగా పొట్ట సంచిలోకి పెట్టే గొట్టం. ఫార్ములా బాటిళ్ళు ఇంటికే వస్తాయి, రాత్రి పంపు పెట్టుకుని పడుకునేవాడు. ఈ పెగ్ పద్ధతిని క్లీవ్‌లాండ్ డాక్టర్లు గాడరర్, పాన్స్‌కీ 1980లో ప్రచురించారు, మొదట చిన్న పిల్లల కోసం. ఇన్నేళ్ళయినా మనవాళ్ళు ఇంకా ముక్కులో గొట్టాలు ఎందుకు పెడుతున్నారో అర్థం కాదు. పెద్దోడూ, డబ్బు ఇబ్బంది లేకపోతే పెగ్ వేయించెయ్. మిక్సీ గోల ఉండదు.

గొంతు_బతికింది
డల్లాస్ గారూ, నేను రెండూ చూసినవాణ్ణి కాబట్టి చెబుతున్నా. మొదట ముక్కు ట్యూబ్, తర్వాత పెగ్.

ముక్కు ట్యూబ్‌తో బాధలు ఉన్నాయి, కాదనను. తుమ్మితే భయం. ముక్కు అంచు ఒరుసుకుపోతుంది. రోజూ ప్లాస్టర్ చోటు మార్చి అంటించాలి. చల్లటి పాలు పోస్తే ముక్కు వెనక నుంచి గొంతులోకి, అక్కడి నుంచి గుండెల మధ్యగా ఒక చల్లటి గీత దిగడం తెలిసేది. తేన్పు వస్తే మాత్రం ఏం పోశారో తెలిసిపోయేది, గుడ్డు పోసిన రోజు మరీను. కానీ అది పది నిమిషాల్లో పెడతారు, అవసరం తీరగానే లాగేస్తారు, ఖర్చు తక్కువ. నెలా రెండు నెలల సంగతైతే అదే చాలు.

పెగ్ చొక్కా కింద దాక్కుంటుంది, నలుగురిలోకి వెళ్ళొచ్చు. నాలుగు వారాలకి మించి ట్యూబ్ అవసరం అనిపిస్తే దాని గురించి అడగడం మంచిదే. అయితే దాని చాకిరీ దానిదే. రంధ్రం చుట్టూ రోజూ కడిగి ఆరబెట్టాలి, గాయం మానాక నర్సు చూపించినట్టు కొద్దిగా తిప్పుతుండాలి. ఎర్రబడినా, రసి కారినా చూపించాలి. ఊడిపోతే ఆ రంధ్రం కొన్ని గంటల్లోనే మూసుకుపోవడం మొదలుపెడుతుంది, వెంటనే పరిగెత్తాలి. పెట్టిన కొత్తలో ఊడితే ఇంట్లో ఎవరూ లోపలికి తొయ్యకూడదు, అది పొట్ట సంచిలోకి కాకుండా పక్కకి పోతుంది.

పెద్దోడు గారికి రేడియేషన్ సగం అయిపోయింది, ముక్కు ట్యూబ్ పనిచేస్తోంది. ఇప్పుడు గొట్టం మార్చి లాభం లేదు, గ్లాసులో సరుకు మారాలి. ఇంకొకటి చెబుతా. ఇంట్లో పోపు వేసినప్పుడు నాకు పిచ్చెక్కేది. అందరూ నా ముందు తినడానికి మొహమాటపడి వంటగదిలో నిలబడి తినేసేవారు. అది ఇంకా బాధ. నేనే చెప్పి భోజనాల వేళకి అందరితో పాటు కూర్చుని నా సిరంజి నేను పట్టుకునేవాణ్ణి. నాన్నగారిని అడిగి చూడండి, ఆయనకి ఎలా బావుంటే అలా.

మింగడం_నేర్పేదాన్ని
నేను స్పీచ్ థెరపిస్ట్‌ని. ట్యూబ్ పెట్టాక చాలామంది మింగడం పూర్తిగా మానేస్తారు. గొంతు కండరాలు వాడకపోతే బిగుసుకుపోతాయి. రేడియేషన్ తర్వాత మరీను. అప్పుడు పుండ్లు మానినా ట్యూబ్ తియ్యలేని పరిస్థితి వస్తుంది. అందుకే రేడియేషన్‌కి ముందే పెగ్ వెయ్యడం మీద డాక్టర్లలోనే రెండు అభిప్రాయాలు ఉన్నాయి.

డాక్టరు, థెరపిస్ట్ చూసి ఫరవాలేదంటే, నొప్పి మందు పుక్కిలించాక రోజుకి కొన్నిసార్లు గుక్కెడు నీళ్ళు నిటారుగా కూర్చుని మింగాలి. వాళ్ళు చూడకుండా మాత్రం మీ అంతట మీరు ఇవ్వొద్దు. కొందరికి నీళ్ళు ఊపిరితిత్తుల్లోకి జారినా దగ్గు రాదు, జ్వరం వచ్చాకే తెలుస్తుంది.

బుగ్గ క్యాన్సర్ వాళ్ళకి ఇంకో ముఖ్యమైన సంగతి, నోరు తెరుచుకోవడం. ఆయన వేళ్ళు మూడు, ఒకదాని మీద ఒకటి పెడితే ముందు పళ్ళ మధ్య పట్టాలి. పట్టకపోతే ఇప్పుడే వ్యాయామం మొదలుపెట్టాలి. ఐస్‌క్రీం పుల్లలు ఒకదాని మీద ఒకటి పేర్చి పళ్ళ మధ్య పెట్టి, రోజూ రెండు మూడు సార్లు, వారానికి ఒక్కో పుల్ల పెంచుతూ చేయిస్తాం. కుట్లు మానాయా అని సర్జన్‌ని అడిగి చెయ్యాలి. నోటితో తినకపోయినా నోరు శుభ్రం ముఖ్యం. లీటరు కాచిన నీళ్ళలో టీ స్పూను ఉప్పు, టీ స్పూను తినే సోడా కలిపి గంటా రెండు గంటలకోసారి పుక్కిలించమనండి. మార్కెట్లో దొరికే ఘాటు మౌత్‌వాష్‌లు వద్దు, మండుతుంది.

పలాస_పెద్దోడు
అందరికీ చాలా చాలా థాంక్స్. డాక్టరుకి లెక్క చూపిస్తే సరే అన్నారు. అమ్మ ఇప్పుడు కొలత చెంచా వాడుతోంది, గోడ మీద కాగితం అంటించి టిక్కులు పెడుతోంది. మొలకల పిండి నిజంగా మాయలా ఉంది. చిక్కటి జావ కళ్ళ ముందే పలచబడింది, అమ్మ మొదట విరిగిపోయిందేమో అనుకుంది.

రెండు సమస్యలు. నూనె పైకి తేలి సిరంజి గోడలకి అంటుకుంటోంది. నిన్నటి నుంచి విరేచనాలు పలచగా అవుతున్నాయి. నూనె, పాలు ఆపెయ్యాలా?

వంటింటి_లెక్కలు
నూనె చివర్లో చెంచాతో కలపకండి, పాలపొడి వేసినప్పుడే మిక్సీలో వేసి ఒక నిమిషం తిప్పండి, కలిసిపోతుంది. విరేచనాలకి వెంటనే తిండిని నిందించొద్దు. ఏమేం మందులు పోస్తున్నారు? యాంటీబయాటిక్ ఉందా? సిరప్‌లు ఎన్ని?

పలాస_పెద్దోడు
యాంటీబయాటిక్ సిరప్, దగ్గు సిరప్, పారాసెటమాల్ సిరప్, విటమిన్ సిరప్. మాత్రలు రెండు, పొడి చేసి జావలో కలిపి పోస్తున్నాం. ఒకటి నొప్పికి, ఒకటి పొద్దున్నే వేసే గ్యాస్ మాత్ర.

రిటైర్డ్_సిస్టరమ్మ
ఆగాగు బాబూ. మందులు ఫీడులో కలపొద్దు. ఒక్కో మందూ విడిగా, కాసిని నీళ్ళతో. మందుకీ మందుకీ మధ్య కూడా నీళ్ళు. జావలో కలిపితే ట్యూబ్ అడుగున పేరుకుపోతుంది, ఫీడు మధ్యలో ఆపితే మందు ఎంత వెళ్ళిందో కూడా తెలియదు.

గ్యాస్ మాత్ర పాంటాప్రజోల్ అయితే దాని మీద పూత ఉంటుంది, పొడి చేస్తే పూత పోయి పొట్టలోనే పాడైపోతుంది. నొప్పి మాత్ర పేరు పక్కన ఎస్ఆర్, ఎక్స్ఆర్, సీఆర్ అని ఉందా చూడు. ఉంటే అది రోజంతా మెల్లిగా పనిచెయ్యాల్సిన మాత్ర. పొడి చేస్తే మొత్తం మందు ఒక్కసారే ఒంట్లోకి పోతుంది. మార్ఫిన్ లాంటివైతే ప్రాణం మీదకి వస్తుంది. ఇవాళే డాక్టరుకి ఫోన్ చేసి ట్యూబ్‌లో ఇవ్వడానికి వీలైన మందులు రాయించుకో.

వంటింటి_లెక్కలు
సిరప్‌ల సంగతి కూడా అడగండి. చాలా సిరప్‌లలో తీపి కోసం సార్బిటాల్ వేస్తారు, నాలుగు సిరప్‌లు కలిస్తే అదే విరేచనాలకి చాలు. దానికి తోడు యాంటీబయాటిక్. అవసరం లేనివి డాక్టరు తీసేస్తారు. ఈలోగా ఫీడు పూర్తిగా ఆపొద్దు, ఒక్కోసారి 150 ఎంఎల్ మాత్రమే, మెల్లిగా పొయ్యండి. ఓఆర్ఎస్ ప్యాకెట్ మీద రాసినన్ని నీళ్ళు కలిపి మధ్యలో ఇవ్వండి. మిక్సీ జారు, సిరంజి, వడకట్టే గుడ్డ వేడినీళ్ళతో కడుగుతున్నారో లేదో చూసుకోండి. రోజుకి నాలుగైదు సార్లు దాటితే, జ్వరం వస్తే, మూత్రం తగ్గితే ఆసుపత్రికి వెళ్ళాల్సిందే. సిస్‌ప్లాటిన్ నడుస్తుండగా ఒంట్లో నీరు తగ్గితే కిడ్నీలు దెబ్బతింటాయి. కాసుకుని కూర్చోకండి.

కరీంనగర్_బిడ్డ
మా బాపుకు రివర్స్ కేసు. నొప్పి మందుతోని నాలుగు దినాలు మోషనే రాలేదు. వాంతి వచ్చినట్టు అయితుంటే ఫీడ్ పడలేదేమో అనుకున్నం. డాక్టరు విరేచనం సిరప్ రాస్తే మంచిగైంది. రెండు వైపులా చూసుకోవాలె.

పలాస_పెద్దోడు
డాక్టరు రెండు సిరప్‌లు ఆపేశారు, గ్యాస్ మందు మార్చారు. విరేచనాలు తగ్గాయి. కానీ రాత్రి నిద్రలో నాన్న చెయ్యి తగిలి ట్యూబ్ జానెడు బయటికి వచ్చేసింది. గీత బాగా కిందకి కనిపిస్తోంది. లోపలికి తోసెయ్యొచ్చా? పొద్దున ఆరింటి ఫీడు టైం అయిపోతోంది.

రిటైర్డ్_సిస్టరమ్మ
వద్దు! తొయ్యొద్దు, ఏమీ పొయ్యొద్దు, నీళ్ళు కూడా. కొస ఇప్పుడు అన్నవాహికలో ఉందో, గొంతులో ఉందో తెలియదు. పోసింది ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. ఒకటి రెండు ఫీడ్లు తప్పితే ఏం కాదు. ఎలాగూ రేడియేషన్‌కి వెళ్తారు కదా, గంట ముందు వెళ్ళి మార్పించుకోండి, ఎక్స్‌రే తీయమనండి. దారిలో దగ్గు, ఆయాసం వస్తే నేరుగా క్యాజువాలిటీకి.

పలాస_పెద్దోడు
కొత్తది వేశారు. ఎక్స్‌రే బాగుంది. ఈసారి ముక్కు మీద ఒకటి, చెంప మీద ఒకటి ప్లాస్టర్ వేసి, చొక్కా కాలరుకి పిన్నుతో కట్టారు. రేడియేషన్ ఇంకో వారమే ఉంది. బరువు 51 దగ్గర నిలబడింది, ఇంక తగ్గలేదు. మాస్కు మార్చక్కర్లేదన్నారు. రేడియేషన్ అయిపోగానే ట్యూబ్ తీయించెయ్యొచ్చా? నాన్న రోజూ అదే అడుగుతున్నారు.

గొంతు_బతికింది
తొందరపడొద్దని చెప్పండి. రేడియేషన్ ఆగిన తర్వాత కూడా వారం రెండు వారాలు పుండ్లు పెరుగుతాయి, అదే అన్నిటికన్నా కష్టమైన సమయం. ఆ ముక్క ముందే ఎవరూ చెప్పరు, అయిపోయిందని సంబరపడి కూర్చుంటాం. తర్వాత మెల్లిగా తగ్గుతుంది. రుచి తిరిగి రావడానికి నెలలు పట్టింది నాకు. మొదట తీపి ఏమీ తెలియదు, కారం మాత్రం నిప్పులా తగులుతుంది.

వంటింటి_లెక్కలు
ట్యూబ్ తియ్యడానికి మేం చూసేది ఇది: నోటితోనే కావాల్సిన దాంట్లో ముప్పాతిక వంతు తినగలుగుతున్నారా, అలా ఒకటి రెండు వారాలు తింటూ బరువు నిలబడిందా. మింగినప్పుడు దగ్గు లేదని థెరపిస్ట్ చెప్పాలి. నోటి తిండి పెరిగిన కొద్దీ ఒక్కో ఫీడు తగ్గించుకుంటూ వస్తారు. మొదట మెత్తటి పెరుగన్నం, బాగా ఉడికిన ఉప్మాలో పాలు పోసి, గుడ్డు కస్టర్డ్ లాంటివి. ఆవకాయ సంగతి తర్వాత చూద్దాం. మెడకి రేడియేషన్ తగిలితే థైరాయిడ్ తర్వాత మందగించొచ్చు, ఆరు నెలలకోసారి ఆ టెస్టు గుర్తుపెట్టుకోండి.

టెక్కలి_చెల్లి
అన్నా, మీ థ్రెడ్ మొత్తం చదివాను. మా అమ్మమ్మకి అంగిలిలో క్యాన్సర్. మా వైపు ఆడవాళ్ళు చుట్ట నిప్పు నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగుతారు కదా, చిన్నప్పటి నుంచీ అదే అలవాటు. సోమవారం ఆపరేషన్, ముక్కు ట్యూబ్‌తో పంపుతామన్నారు. మందుల షాపులో సిరంజి అడిగితే ఇంజక్షన్‌ది ఇచ్చారు, అది ట్యూబ్‌కి పట్టదంటున్నారు. ఏమని అడగాలి? ముందే ఇంకేం తెచ్చిపెట్టుకోవాలి?

పలాస_పెద్దోడు
చెల్లెమ్మా, 50 ఎంఎల్ ఫీడింగ్ సిరంజి అని అడుగు. సూది పెట్టే మొన కాకుండా చివర పొడుగ్గా, లావుగా కోనులా ఉంటుంది. చిన్న షాపుల్లో ఉండదు, ఆసుపత్రి ఎదురు షాపుల్లో దొరుకుతుంది. రెండు మూడు తీసుకో, కొన్నాళ్ళకి రబ్బరు బిగిసిపోతుంది. ప్లాస్టర్ రోల్, సన్నటి తెల్ల మల్లు గుడ్డ, కొలత చెంచాలు, వెన్న తీసిన పాలపొడి. రాగులు ఇవాళే నానబెట్టెయ్, మొలకెత్తి ఎండి పిండి అయ్యేసరికి నాలుగు రోజులు పడుతుంది. అమ్మమ్మ బరువు ఎంత, షుగర్ ఉందా, ఈ మధ్య ఏమైనా తింటోందా అన్నది ఇక్కడ రాయి, డైటీషియన్ మేడం లెక్క చెబుతారు.